ఖిల్లా మీది ముడుపు

"ఓ అమ్మా! ముడుపు మీద చెయ్యేస్తవేంది?" పూజారి రామస్వామి హారతి పళ్లెం ఆడనే పెట్టి ఉరికొచ్చిండు.

రాధాబాయి చెయ్యి తియ్యలే. ఇందూరు ఖిల్లా మీద రాములవారి గుడి అది. కటకటాల నిండ పసుపు బట్టల కొబ్బరికాయలు, ఎవల మొక్కు వాళ్లది, గుత్తులు గుత్తులుగ వేలాడుతున్నయి.

"మాదే అయ్యగారూ. నా పెనిమిటి రామ్‌దాస్ కట్టిండు, మా రాజేష్ ఫౌజుల భర్తీ కావాల్నని."

"అయిండా మరి?"

"ఇంక కాలే. ఎల్లుండి దౌడు పరీక్ష."

"అయ్యో, తీరకముందే విప్పితే మొక్కు ఉత్తదైతది గదమ్మా!"

"గందుకే విప్పవడితి."

మొక్కు తీరాలని వచ్చేటోళ్లను చూసిండు గని, తీరొద్దని రొప్పుకుంట గుట్టెక్కినోళ్లను రామస్వామి ఇయ్యాల్టిదాంక ఎన్నడు చూళ్లే.

"ఒక్కడే కొడుకు అయ్యగారూ. మొన్న మా వాడకట్టు బాపురావు కొడుకును పెట్టెల తెచ్చిండ్రు. జెండా కప్పిండ్రు, తుపాకులు పేల్చిండ్రు. కన్నతల్లికి మూత సుత తియ్యనియ్యలే. గప్పటిసంది నాకు బుక్క దిగుతలేదు."

"మీ ఆయనకు చెప్పరాదు?"

"ఆయనకా! మా బోధన్ల చాయ్ హోటల్ కాడ మీసం దువ్వుకుంట, నా కొడుకు ఫౌజి అని ఇప్పటికే చెప్పుకుంటుండు. ఎనుకట ఫౌజులున్న ఖిల్లాల రాముడు ఫౌజు నౌకరి ఇయ్యకపోతడా అని, ఏరి ఏరి ఈడ కట్టిండు. పొద్దుగాల చెరుకు లారీ నింపనీకి పోయిండు, గీ సందుల నేను బస్సెక్కిన. తొవ్వల దర్గల బాబాకు సుత చెప్పుకున్న. నీకు దండం పెడ్త, అడ్డం రాకు."

"కట్టిన చెయ్యే విప్పాలెనమ్మా. గది పద్ధతి."

"ఆయన చెయ్యి వేరు, నా చెయ్యి వేరా? మరి పెండ్లిల కొంగుముడి ఎందుకు ఏసిండ్రు?"

రామస్వామికి నవ్వు రాబోయి ఆగింది. "సరే తల్లీ. నీది ఏదో చూపెట్టు."

రాధాబాయి ఒక్కొక్కటి తిప్పి చూసింది. రామ్‌దాస్ ముడి ఆమెకు కండ్లు మూసినా ఎరుకే. చెరుకు మోపు బిగించినట్టు మెలేసి, కొసను లోపలికి దోపుతడు. ఈ మూల చూసింది, ఆ మూల చూసింది. అసొంటి ముడి ఏడ లేదు.

"కోతులు ఎత్తుకపోయినయా? ముడి విప్పకుండనే పోతే మొక్కు అట్లనే నిలిచి, నా కొడుకు ఫౌజుకు పోతడా ఏంది అయ్యగారూ!" ఆమె వంగి కటకటాల కింద ఎతుకవట్టింది.

"ఆగు ఆగు. మీ ఆయన బక్కగ, పొడుగ్గ, మెడల ఎర్ర రుమాలుతోని ఉంటడా?"

"ఆ! నీకెట్ల ఎరుక?"

రామస్వామి తల దించుకున్నడు.

"ఇయ్యాల గుడి తలుపులు తియ్యంగనే వచ్చి విప్పుకపోయిండమ్మా. మొక్కు తీరిందా అని అడిగితే, 'తీరొద్దు అయ్యగారూ, మా ఇంటామెకు మాత్రం చెప్పకుండ్రి' అని రుమాలుల మొకం దాసుకున్నడు."