లాజిక్ పక్కన ఖాళీ

“నా పేరేదీ?” అన్నారు మాస్టారు.

కొత్త ప్రోగ్రాం తెరవగానే వచ్చే మొదటి కిటికీలో రెండే వరుసలున్నాయి. ‘స్క్రీన్’ అన్నచోట కొత్తమ్మాయి పేరుంది. ‘లాజిక్’ అన్నచోట ఏమీ లేదు. ఇరవై రెండేళ్లుగా ఆ కిటికీలో పెద్దక్షరాలతో ఉన్నది మాస్టారి పేరొక్కటే.

“లాజిక్ పక్కన ఖాళీ వదిలానండీ,” అంది కొత్తమ్మాయి. చేరి మూడేళ్లయినా ఆఫీసులో ఆమె ఇంకా కొత్తమ్మాయే. “రాసినవాళ్ల పేరు తేలాక పెడదామని.”

“తేలాకా? ఇందులో తేలడానికేముంది?”

ఆమె తల వంచుకుంది. మాస్టారికి ఒళ్లు మండిపోయింది.

ఆసుపత్రుల్లో నర్సులకి డ్యూటీలు వేసే ప్రోగ్రాం అది. ఎవరికి పగలు, ఎవరికి రాత్రి, ఎవరికి ఎప్పుడు సెలవు అన్నది, ఎవరూ మూతి ముడుచుకోకుండా, క్షణంలో తేల్చేస్తుంది. దాని మీదే ఆ చిన్న కంపెనీ బతుకుతోంది. మాస్టారు ఏటా దాని స్క్రీన్‌కి కొత్త రంగులు వేసి, బటన్లు అటూ ఇటూ జరిపి ముస్తాబు చేసేవారు. డ్యూటీల లెక్క తేల్చే లోపలి లాజిక్ జోలికి మాత్రం ఎవర్నీ వెళ్లనిచ్చేవారు కాదు. పనిచేస్తున్నదాన్ని కెలికితే ఊరుకోనని ముందే చెప్పేవారు.

కొత్తమ్మాయి వచ్చాక ఆయనకి నస మొదలైంది. స్క్రీనూ లాజిక్కూ ఒకే ఫైల్లో పెనవేసుకుని ఉన్నాయి, విడదీద్దాం అంటూ రోజూ అదే పాట.

“బటన్ నొక్కితే స్క్రీన్ కబురు పంపాలి, లాజిక్ జవాబు చెప్పాలి. అంతేనండీ. అప్పుడు మనం స్క్రీన్ ఎన్నిసార్లు మార్చినా లాజిక్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.”

“ఇన్నేళ్లు కాపురం చేసినవాటికి ఇప్పుడు విడాకులిప్పిస్తావా?” అని నవ్వి తోసిపుచ్చేవారు మాస్టారు.

నిజానికి ఆ పిల్లంటే ఆయనకి అభిమానమే. తన గదిలోనే చోటిచ్చారు. ఆ గదిలో మొదట్నుంచీ రెండు కుర్చీలుండేవి. రెండోదాంట్లో కూర్చున్న బక్కాయన, పాపం నోట్లో నాలుక లేని మనిషి, ప్రోగ్రాం బయటికొచ్చి ఏడాది తిరక్కుండానే ఆరోగ్యం చెడి మానేశాడు. ఒక చెయ్యి విరిగిన ఆ కుర్చీ బదులు కొత్తది తెప్పిస్తానన్నా వినకుండా, ఈ పిల్ల అందులోనే కూర్చుంది. మాస్టారు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పారు. జీతం పెంచమని ఆయనే వెళ్లి అడిగారు. జ్వరమొస్తే స్వయంగా ఇంటి దగ్గర దింపొచ్చారు.

అలాంటిది, ఆయన పది రోజులు సెలవు పెట్టి వచ్చేసరికి, ప్రోగ్రాంని నిలువునా రెండుగా చీల్చి, ఆయన స్క్రీన్ పీకేసి తనది తగిలించింది. రేపే అది అన్ని ఆసుపత్రులకీ వెళ్తుంది. వెళ్లిందంటే ఇక ఆయన పేరు ఎవరికీ కనబడదు. కన్నకూతురిలా చూసుకున్న పిల్ల గుండెల మీద తన్నిందని తల్చుకుంటే మాస్టారికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేరుగా మేడమ్ గదిలోకి నడిచారు. కొత్తమ్మాయి వెనకే వచ్చింది. మేడమ్ తన తండ్రి చేతి నుంచి కంపెనీ అందుకుని రెండేళ్లే అయింది. పాత సంగతులేవీ ఆవిడకి తెలియవు.

“ఇది వెన్నుపోటు మేడమ్. పైన స్క్రీన్ మార్చేసినంత మాత్రాన ప్రోగ్రాం తనదైపోతుందా?”

“నాదని నేనన్లేదండీ,” అంది కొత్తమ్మాయి నెమ్మదిగా.

“అనలేదు సరే. మాస్టారిదని అనవేం?” అన్నారు మేడమ్.

ఆమె మళ్లీ తల వంచుకుంది.

“చూశారా మేడమ్, ఎంత మొండితనమో! నేను రుజువు చూపిస్తాను. రాసినవాడు ఆ లాజిక్‌లో ఓ తేదీ దాచాడు. ఎవరూ డ్యూటీ వెయ్యని పాత తేదీ.”

మాస్టారు మేడమ్ కంప్యూటర్ ముందుకి వంగి, కొత్త స్క్రీన్ మీదే కొట్టారు. జూన్ పద్నాలుగు, పందొమ్మిది వందల అరవై ఏడు. బటన్ నొక్కారు.

‘ఈ రోజు నాకు సెలవు’ అని వచ్చింది.

మేడమ్ ఫక్కున నవ్వారు. “ఇన్నేళ్లుగా ఇది ఇందులో ఉందా!”

“ఉంది మేడమ్. గోడలకి సున్నం వేసి ఇల్లు నేనే కట్టానంటే చెల్లుతుందా?”

కొత్తమ్మాయి ఆ అక్షరాల వంకే చూస్తోంది. “ఆ తేదీ నాకూ తెలుసండీ.”

“విడదీసేటప్పుడు చూసుంటావులే. ఫైల్లో తేదీ కనబడుతుంది. అది ఏం రోజో కనబడదుగా!”

“ఏం రోజు మాస్టారూ?” అడిగారు మేడమ్.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ముందు తనని చెప్పమనండి. రాసినవాడికీ, వాడి ఇంట్లోవాళ్లకీ తప్ప ఇంకెవరికీ తెలిసే రోజు కాదది. తను గనక చెప్తే, నా పేరు మీరు ఎక్కడా పెట్టక్కర్లేదు.”

మేడమ్ కొత్తమ్మాయి వైపు తిరిగారు.

“చెప్పమ్మా. తెలీదంటే ఆ ఖాళీలో ఇప్పుడే మాస్టారి పేరు పెట్టేద్దాం. ఏమిటా రోజు?”

కొత్తమ్మాయి మొదటిసారి తలెత్తి మాస్టారి కళ్లలోకి చూసింది.

“మా నాన్న పుట్టినరోజండీ.”