బొమ్మ యార్డులో బొగ్గు టవరు

“ఆ టవరు నువ్వు సేసేవంటే నాను నీ ఇంట్లో కూడొండను,” అంది అసిరమ్మ.

గంగులు చేతిలో ఉలి ఆగింది. పెళ్ళాం మాటకు భయపడి కాదు, చెక్క ఎక్కడ చీలుతుందోనని. పెళ్ళాం మాట వినని మగాడు కాదు గంగులు, వినీ విననట్టుండే రకం.

జంక్షను ఇనస్పెక్టరు జ్ఞానానందం గారికి బొమ్మ రైళ్ళ పిచ్చి. రైల్వే క్లబ్బు హాల్లో పెద్ద బల్ల వేయించి, దాని మీద జంక్షను యార్డునంతా బొమ్మగా కట్టించాడు. పట్టాలు, సిగ్నళ్ళు, నీళ్ళ ట్యాంకు, చివరికి నౌపడ వైపు ఉప్పు మడులు కూడా. కీ ఇస్తే చిన్న ఇంజను బల్లంతా తిరిగి వస్తుంది. చెక్కపని మొత్తం గంగులుదే. ఇప్పుడు పెద్ద దొరగారు తనిఖీకి వస్తున్నారు. ఆయనకు చూపించడానికి బల్ల మీద ఇంకొక్కటి చేరాలి. అదే ఈ బొగ్గు టవరు.

తాటిచెట్టంత ఎత్తున కడతారట. కరెంటు మోటారు బొగ్గును తొట్టెల్లో పైకి లాగుతుందట. ఇంజను వచ్చి కింద నిలబడితే బొగ్గు దానంతటదే జారిపడుతుందట. జంక్షనుకు కరెంటు వచ్చి ఏడాదైనా కాలేదు, అప్పుడే ఇన్ని ఆశలు. దొరగారికి బొమ్మ నచ్చితే నిజంది కట్టిస్తారు.

ఇంజన్లకు బొగ్గెత్తే పని ఇప్పుడు అసిరమ్మా, ఆమె తోటి ఆడవాళ్ళూ చేస్తున్నారు. నెత్తిన తట్టలు పెట్టుకుని మనిషెత్తు దిబ్బ ఎక్కి, ఇంజన్లో బొగ్గు పోస్తారు. మోటారు వస్తే వాళ్ళంతా ఇంటికే.

“నాను సెయ్యకపోతే పాతపట్నం నుంచి ఇంకో వడ్రంగిని తెస్తారే,” అన్నాడు గంగులు. “అప్పుడు నీ పనీ పోతాది, నా పనీ పోతాది. ఇద్దరం ఏటి తింతాం?”

“మరి నాతో తట్ట మోసే కూర్మమ్మ ఏటి తింతాది? దానికి మొగుడు లేడు, మడిసెక్కా లేదు.”

“ఆ మాట ఇనస్పెక్టరు బాబుతో సెప్పీసినాను. ‘నా చేతుల్లో ఏముందిరా, అంతా దొరగారి దయ’ అనీసినారు.”

అసిరమ్మ కొంగుతో మెడ మీది మసి తుడుచుకుంది. అది ఎన్ని స్నానాలు చేసినా పోయే మసి కాదు.

“ఆ దొర మమ్మల్ని ఎప్పుడైనా సూసినాడేటి?” అంది.

“మీరెక్కడ కనిపిస్తారే ఆయనకి? తనొక్కడి కోసం కట్టిన సెలూను రైలుపెట్టెలో వస్తాడు, ఆ పెట్టెలోనే పోతాడు.”

“అయితే సూపించు. టవరు సెయ్యి, మమ్మల్నీ సెయ్యి. కింద పట్టాల పక్కన నిలబెట్టకు, అక్కడ ఎవులి కళ్ళకీ ఆనం. టవరుకి మెట్లు కట్టి, తట్టలతో మమ్మల్ని ఆ మెట్ల మీద ఎట్టు. ఎవులి నోటికాడ కూడు తీసేస్తన్నాడో కళ్ళారా సూడాల. మనిషన్నాక జాలి పడడేటి?”

“మోటారూ, తొట్టెలూ ఏవని అడిగితే?”

“మర్సిపోయినానని సెప్పు.”

గంగులుకు ఆ మాట నచ్చింది. నచ్చినట్టు మాత్రం పైకి అనలేదు. తల మీద తట్ట, నడుముకు బిగించిన కొంగు, ఒక్కొక్క బొమ్మనూ ప్రేమగా చెక్కాడు. కూర్మమ్మ వంగిన నడుమును వంగినట్టే చెక్కాడు. కోటబొమ్మాళి సంతలో కొన్న ఎర్రరంగు చీరలకు పూసి, మొహాలకు నిజం బొగ్గే రాశాడు.

తనిఖీ రోజు పొద్దున్న బల్ల మీద టవరును చూసి జ్ఞానానందం గారు చెమటలు కక్కాడు.

“మోటారేదిరా? ఈ ఆడవాళ్ళెవర్రా?”

“మర్సిపోయినాను బాబూ.”

“నన్ను నిలువునా ముంచేశావు కదరా గంగులూ,” అని ఆయన తల పట్టుకున్నాడు. సరిచేసే వ్యవధి లేదు. సెలూను పెట్టె అప్పటికే ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది.

అసిరమ్మా ఆడవాళ్ళూ పని వదిలేసి క్లబ్బు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. గదమడానికి వచ్చిన బంట్రోతు వాళ్ళ మొహాలు చూసి ఊరుకున్నాడు.

లోపల బొమ్మ ఇంజను తిరిగి తిరిగి టవరు కింద ఆగింది. దొరగారు వంగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ వంగాడు. మెట్ల మీది బొమ్మలను ఒక్కొక్కటే చూశాడు. కూర్మమ్మ బొమ్మను వేలికొసతో తాకాడు కూడా.

“మనల్నే సూస్తన్నాడే,” అంది అసిరమ్మ.

దొరగారు ఇనస్పెక్టరుతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. నవ్వాడు. గంగులు భుజం తట్టాడు. కిటికీ బయట కూర్మమ్మ రెండు చేతులూ జోడించింది. జ్ఞానానందం గారు గంగులును పక్కకు పిలిచి ఆ ఇంగ్లీషును తెలుగులో చెప్పాడు.

గంగులు బయటికి వచ్చాడు. ఆడవాళ్ళు చుట్టూ మూగారు.

“ఏటన్నాడు? సెప్పు మావా, ఏటన్నాడు?”

“మీ పని పోదు. ఇంకా మందిని ఎట్టుకుంతారంట.”

కూర్మమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. మిగతావాళ్ళు ఒకరినొకరు వాటేసుకున్నారు. అసిరమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“సెప్పినానా? మమ్మల్ని సూస్తే జాలి పడతాడని సెప్పినానా?” అంది. అప్పుడు చూసింది మొగుడి మొహం. “నీ మొకం అలగుందేటి? టవరు మానేసినట్టేనా?”

“తాటిచెట్టంత టవరూ కడతారు,” అన్నాడు గంగులు తలెత్తకుండా. “మోటారే దండగన్నాడు. బొమ్మలో ఉన్నట్టు మెట్లు సాలంట.”