నీలి దారం కుట్లు

మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంట్ షాలేమ్, బొమ్మ వేసేటప్పుడు మోడల్ కింద పరవడానికి తెల్లబట్ట అడిగితే, ఆరేళ్ల క్రితం పోయిన మా ఆయన పంచె ఇచ్చాను. ఆయన చర్చికి కట్టుకునే పంచె.

మేముండే ఈ మంచుదేశపు ఊరు రెజైనాలో చలికాలం సాయంత్రం ఐదుకే చీకటి. పూర్తయిన బొమ్మ చూపిస్తానని షాలేమ్ తీసుకెళ్లిన యూనివర్సిటీ హాల్లో మేమిద్దరమే ఉన్నాం. బొమ్మలో పాలరాతి విగ్రహంలాంటి మగవాడు దిసమొలతో, వీపు మావైపు తిప్పి కూర్చున్నాడు. చెంప కాస్త కనిపిస్తోంది. కింద పంచె, చిరుగు మీద నేను వేసిన నీలి దారం కుట్లతో సహా.

"పాతకాలం ఫ్రెంచి పద్ధతి ఆంటీ. కండలు చూశారా!"

"ఎవర్ని కూర్చోబెట్టావు నాయనా?"

"మోడల్ రాలేదాంటీ. ఖాళీ స్టూలు మీద పంచె పరిచి, మనిషిని ఊహించి వేశా. మీరుండండి, కారు స్టార్ట్ చేసొస్తా."

అతను వెళ్లాక దగ్గరికి వెళ్లి చూశాను. ఎడమ భుజం కింద జంట పుట్టుమచ్చలు ఉన్నాయి. నేను తప్ప ఎవరూ ఎరగనివి. ఇన్నేళ్లలో నాకు కలలోకైనా రాని మనిషి, పరాయి కుర్రాడి ముందుకొచ్చి కూర్చున్నారు.

"ఏవండీ," అని పిలిచాను.

బొమ్మలో గుడ్డ కదిలిన చప్పుడైంది. కనిపిస్తున్న ఆ కాస్త చెంపను కూడా ఆయన అటు తిప్పేసుకున్నారు.