వేటపాలెం మనిషి

పడమట మబ్బు కమ్మింది. చినుకు పడేలోగా కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పాలి.

బసవమ్మ ఒక కొస లాగుతుంటే రెండో కొస గాలికి లేచిపోతోంది.

దారిన పోతున్న మోటారుసైకిలు ఆగింది. తెల్లచొక్కా మనిషి ఒకాయన చెప్పులు గట్టున విప్పి, కల్లంలోకొచ్చి ఆ కొస పట్టుకున్నాడు.

"మీరటు లాగండమ్మా. నేనిటు తొక్కిపడతా."

కప్పడం అయ్యేసరికి మబ్బు తేలిపోయింది. అప్పుడే వచ్చి పట్టా అంచున కూర్చుని, రంగుపోయిన తాలుకాయ ఏరుతున్న పక్కింటి మస్తాన్‌బీ, బసవమ్మ చెవి కొరికింది.

"అక్కా, పొద్దున టీకొట్టు కాడ మీ ఇంటి గురించి అడిగింది ఈయనేనంట. మీరెట్టాంటోళ్ళు, పిల్లలెట్టాంటోళ్ళు అని."

బసవమ్మ చెంగు సర్దుకుంది. వేటపాలెం వాళ్ళు పంపిన మనిషే.

కూతురు అఖిలను చేసుకుంటామని వేటపాలెం నుంచి కబురొచ్చింది. చెప్పాపెట్టకుండా ఎవరో ఒకరొచ్చి ఆరా తీస్తారని సంబంధం తెచ్చినాయన ముందే హెచ్చరించాడు. పిల్లనిచ్చే ఇల్లయినా తెచ్చుకునే ఇల్లయినా ఆ పక్క ఎవరూ పేరు చెప్పుకుని రారు. ముందు టీకొట్టు, తర్వాత ఇరుగుపొరుగు, ఆ తర్వాతే గడప.

ఆరా తీస్తే బయటపడేది ఒక్కటే. కొడుకు బాలు.

నకిలీ విత్తనాలు అంటగట్టిన కొట్టువాణ్ణి బాలు కర్రతో కొట్టాడు. ఆ మనిషి చెయ్యి విరిగింది. నేరం రుజువైంది. శిక్ష ఎంతన్నదే తేలలేదు. అందాకా వాడు బెయిలు మీద ఇంట్లోనే ఉంటున్నాడు.

"ప్రొబేషన్ అడిగానమ్మా" అన్నాడప్పుడు లాయరు ఫిలిప్. "ఆఫీసరొచ్చి విచారించి రాయాలి. బాగా రాస్తే జైలుండదు. ఇంటిపట్టున ఉండి బుద్ధిగా నడుచుకోమని వదిలేస్తారు."

ఆ ఆఫీసరు బదిలీ అయ్యాడన్నారు. కొత్తాయన ఇంకా చేరలేదన్నారు. చేరాక జడ్జిగారు సెలవన్నారు. వాయిదా మీద వాయిదా. జీపు చప్పుడైతే చాలు వాకిట్లోకి పరిగెత్తే బసవమ్మ ఈమధ్య తలెత్తడం కూడా మానేసింది. భయపడీ భయపడీ భయం మొద్దుబారింది.

"నేనెవరో చెప్పలేదు కదూ" అన్నాడు తెల్లచొక్కా ఆయన, మజ్జిగ గ్లాసు అందుకుంటూ.

"తెలుసులెండి. వస్తారని చూస్తానే ఉన్నాం. పిల్లని పిలవమంటారా?"

"వద్దమ్మా. మీతో మాట్లాడితే చాలు. అబ్బాయి లేడా?"

మిరపకాయ బస్తాలేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు పోయాడని చెప్పబోయి ఆగింది.

"లేడండీ."

"కేసు సంగతి నాకు తెలుసు. దాయక్కర్లేదు."

బసవమ్మ మస్తాన్‌బీ వైపు చూసింది. ఎవరో చెప్పేశారు. ఒకడి బతుకు ఎలాగూ మునిగింది. రెండోదాన్నయినా ఒడ్డున వెయ్యాలి.

"వాడు మా దగ్గర ఉండడండీ."

"మరెక్కడ ఉంటాడు?"

"ఎక్కడ తిరుగుతాడో. మా గుమ్మం తొక్కి చాన్నాళ్ళయింది."

మస్తాన్‌బీ చెయ్యి ఆగిపోయింది. బసవమ్మ కళ్ళతోనే గదమాయించింది.

"ఊళ్ళో వేరేగా చెప్పారే. ఇల్లూ పొలమూ తప్ప ఎరగడన్నారు."

"ఊరోళ్ళకేమండీ. తండ్రి లేని పిల్లలని జాలిపడి కప్పిపెడతారు."

"మీ మాట వింటాడా?"

"వినేవాడైతే ఇట్టా ఎందుకవుద్ది?"

ఆయన గ్లాసు చేతిలో తిప్పాడు.

"కోపంలో అంటున్నారేమో. బాగా ఆలోచించి చెప్పండి. రేపు వాణ్ణి ఇంట్లో పెట్టుకుంటారా?"

"రేపు శుభకార్యమైనా గడప ఎక్కనివ్వం. వాడికీ మాకూ ఏ సంబంధం లేదు."

ఆయన సగం మజ్జిగ మిగిల్చి గ్లాసు కింద పెట్టాడు.

"తల్లి నోట ఒక్క మంచిమాట విందామని వచ్చాను" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"కన్నకొడుకక్కా" అంది మస్తాన్‌బీ.

"నోరుమూసుకుని కాయ ఏరవే. వాడికి తెలిసేదా చచ్చేదా. వాడి చెల్లెలి కోసమేగా."

సాయంత్రం బాలు అన్నానికి కూర్చుంటే కూర రెండు గరిటెలు ఎక్కువ వేసింది.

"ఏందమ్మా ఇయ్యాల, నేనేమన్నా అల్లుణ్ణా?" అన్నాడు వాడు.

ఆమె మజ్జిగ చెంబు వాడి ముందుకు జరిపింది.

వాయిదా రోజు వచ్చింది. కోర్టు వరండాలో ఫిలిప్ ఎదురొచ్చాడు.

"రిపోర్టు చేరిందమ్మా. ఏం రాశారో నేనింకా చూళ్ళేదు. భయపడమాకండి. కొత్తాయన మెత్తని మనిషి. ఇంట్లోవాళ్ళు 'మావాడు, మేం చూసుకుంటాం' అంటే చాలు, జైలొద్దనే రాస్తాడు."

"మా ఇంటికి ఏ ఆఫీసరూ రాలేదు బాబూ."

"రాకుండా రాయరమ్మా."

"జీపేదీ రాలేదే."

ఫిలిప్ ఏదో అనబోయేలోగా లోపల్నుంచి బాలు పేరు పిలిచారు. బాలు వెళ్ళి బోనులో నిలబడ్డాడు. తల్లి వైపు చూసి, ఏం కాదన్నట్టు తలాడించాడు.

ప్రొబేషన్ ఆఫీసరు వచ్చారా అని అడిగారు జడ్జిగారు.

వెనక బెంచీలోంచి లేచి, బసవమ్మ వైపు చూడకుండా, ముందుకు నడిచాడు వేటపాలెం మనిషి.