ఆ పొద్దు బడికి రాని పిల్ల

ఇట్లా దగ్గరికి జరగండి, ఆ సెల్లు కాసేపు పక్కన పెట్టండి. ఆళ్లగడ్డలో ఏసమ్మ అనే తల్లి బడి మీదికి పోయిన సంగతి చెబుతాను.

“మీ పాప ఆ పొద్దు బస్సే ఎక్కల్యా” అన్నాడు కరస్పాండెంట్ గురుస్వామి, కుర్చీలోంచి కదలకుండా.

ఏసమ్మ పక్కన తొమ్మిదేళ్ల కావ్య నిలబడి ఉంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంకరగా బిగుసుకుపోయింది. అన్నం ముద్ద నోటిదాకా రాదు. సాయంత్రం పిల్లల్ని ఇళ్లకు దింపబోతూ బడి బస్సు కాలువలో పడి అప్పటికి నెలా పది రోజులు. ఆపరేషన్ చేస్తేనే చెయ్యి వంగుతుందని, ఆలస్యమైతే అదీ కష్టమని నంద్యాల డాక్టరు చెప్పాడు.

“ఏందీ సార్ మీరు చెప్తాండేది? బస్సెక్కకుంటే ఈ చెయ్యి యాడ ఇరిగింది?”

“ఇంట్లో మంచం మీంచి పడిందేమో. మమ్మల్నడిగితే?” గురుస్వామి హాజరుపట్టీ తెప్పించి ఆమె ముందుకు తోశాడు. “చూడు. ఆ పొద్దు ఆబ్సెంటు. పోలీసులకు మేమిచ్చిన లిస్టులో నలభై రెండు మంది ఉండారు. అందులో మీ పాప ల్యా.”

“ఈడ దిద్దినట్టుంది గదా సార్?”

“నీకు సదువొచ్చా?”

“సదువు రాదు సార్. దిద్దింది కనపడదా?”

గుమాస్తా అజయ్ కుమార్ గబుక్కున పట్టీ మూసేశాడు.

మరుసటి రోజే మొగుడు జీవరత్నాన్ని వెంటబెట్టుకుని నంద్యాలలో వకీలు జైనాబీ దగ్గరికి పోయింది ఏసమ్మ. జీవరత్నం బేల్దారి పని మానుకుని వచ్చాడు పాపం, చేతులకు సిమెంటు కూడా పోలేదు.

“బస్సుకు నలభై రెండు సీట్లు అక్కా. వాళ్లు కుక్కింది యాభై మూడు మందిని. ఎక్కువైన పదకొండు మందిని పట్టీలోంచే లేపేసినారు” అంది జైనాబీ.

“అయితే మాకు హక్కు ల్యాదామ్మా?”

“ఎందుకు ల్యా? బిడ్డ తరఫున తల్లిదండ్రులు కేసు వేయొచ్చు. ఆపరేషన్ ఖర్చు, చెయ్యి పనికిరాకపోతే దాని నష్టం, అన్నీ అడగొచ్చు. పోలీసు కాగితంలో పేరు లేనంత మాత్రాన మీ హక్కు పోదు. కానీ పాప ఆ బస్సులో ఉండాదని మనం రుజువు చేయాల. ఆ పొద్దు ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ ఉందా?”

ఏసమ్మ మొగుడి వైపు చూసింది. జీవరత్నం నేల వైపు చూశాడు.

ఆ రోజు మిగతా పిల్లలందరినీ అంబులెన్సుల్లో ఎక్కిస్తుంటే, ఈయన మాత్రం బిడ్డను ఎత్తుకుని మోటారుసైకిల్ మీద ఎముకల కట్టు పుల్లయ్య దగ్గరికి పరిగెత్తాడు. తాతల నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరి ఎముక విరిగినా పోయేది అక్కడికే. కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, పాత గుడ్డ. ఇంక చీటీ ఎక్కడిది?

“పుల్లయ్య సాక్ష్యం చెప్తాడమ్మా” అన్నాడు జీవరత్నం.

“ఏమని చెప్తాడన్నా? కట్టు కట్టినానంటాడు. బస్సు పడింది ఆయన చూసినాడా?”

“ల్యా.”

“తోటి పిల్లల అమ్మానాయినలు?”

“అందరి కాళ్లూ పట్టుకున్యామమ్మా. పరీక్షలొస్తాండాయి, మా పిల్లోళ్ల మీద పగబడతారు అంటాండారు. డ్రైవరేమో బడోళ్లు చెప్పిందే చెప్తాండాడు.”

జైనాబీ పెన్ను కింద పెట్టింది. “ఏదో ఒక ఆధారం దొరకాల అక్కా. ఉత్త నోటిమాటతో పోతే నిలబడదు.”

ఆ మాట ఏసమ్మను నిద్రపోనివ్వలేదు. మరుసటి రోజు బడి వదిలే వేళకు కావ్యను తీసుకుని గేటు ముందు నిలబడింది. పిల్లల కోసం వచ్చిన తల్లిదండ్రులంతా ఉన్నారు.

“నా బిడ్డ మీ బస్సులో పడల్యా అంటాండావే సార్! రా, ఈ చెయ్యి పట్టుకుని చెప్పు అందరి ముందర!”

జనం మూగారు. కొందరు సెల్లులు పైకెత్తారు. గురుస్వామి చెమటలు తుడుచుకుంటూ వచ్చి ఆమెను ఆఫీసు గదిలోకి పిలిపించాడు. తలుపు మూయగానే గొంతు లేచింది.

“ఏమ్మో, నా బడి కాడ నిలబడి నన్నే రచ్చకీడుస్తావా? అజయ్, ఈమె కూతురికి టీసీ రాయి. ఈ పొద్దే!”

“సార్, ఏడాది నడిమధ్యన…”

“రాయమంటే రాయి!”

అజయ్ కుమార్ పేరు, తరగతి, పుట్టిన తేదీ రాశాడు. “ప్రవర్తన కాడ ఏం రాయాల సార్?”

“ఇటియ్యి. అది నేనే రాస్తా. ఇంగ ఏ బడోడు చేర్చుకుంటాడో చూస్తా.” గురుస్వామి కాగితం లాక్కుని రెండు వరుసలు బరబరా గీకాడు. సంతకం చేశాడు. బల్ల అదిరేలా ముద్ర గుద్దాడు.

ఏసమ్మ చేతులు జోడించింది. “సార్, నోరు జారినా. బిడ్డ సదువు చెరపొద్దు సార్.”

“పో పో. తీసుకపోయి ఊరంతా చూపించుకో!”

నంద్యాల పోయే బస్సులో దారి పొడుగునా ఏడ్చింది. పక్కన జీవరత్నం సణుగుతూనే ఉన్నాడు. “చెయ్యి పాయ, ఇప్పుడు సదువూ పాయ. గమ్మునుండమంటే ఉంటివా?”

జైనాబీ టీసీ అందుకుని ఒకసారి చదివింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

“మా కొంప మునిగితే నవ్వుతాండావేందమ్మా?” అంది ఏసమ్మ.

“కూర్చో అక్కా, సదువుతా ఇను” అంది వకీలమ్మ.

ఆమె చదివిన ఆ రెండు వరుసలు మీరూ మనసులో పెట్టుకోండి, పిల్లల్ని బడి బస్సెక్కించే తల్లి ఎవరు కనబడినా మరిచిపోకుండా చెప్పండి: “ప్రవర్తన మంచిది కాదు. ప్రమాదం జరిగిన రోజు ఈ బాలిక మా బస్సులో డ్రైవరు పక్కన నిలబడి అల్లరి చేసినందువల్లనే బస్సు కాలువలో పడింది.”