గోడవారన బిందెడు నీళ్లు

“ఏం బుచ్చమ్మా, మళ్లీ పోశావా? మా గోడ కూలితేగానీ నీ కడుపు చల్లబడదా?”

భర్త పోయాక దేవకృపకు ఇదే తొలి ఎండాకాలం. పక్కింటి బుచ్చమ్మ రోజూ సందులోకొచ్చి, దేవకృప గోడవారన బిందెడు నీళ్లు కుమ్మరించి పోతోంది. ఏదో చెప్పబోతే దేవకృప కిటికీ ధడాలున మూసేది.

మే నెలాఖరుకు మేస్త్రీని పిలిచి అక్కడంతా సిమెంటు వేయించింది.

“వానల్ల ఏడుస్తవ్, యాదిపెట్టుకో!” అని అరిచింది బుచ్చమ్మ.

“నీ శాపాలు మాకు తగలవులే!”

తగిలాయి. జూన్‌లో వాళ్లుండే యాప్రాల్ కాలనీ మీద పడ్డ తొలి పిడుగుల వానకే దేవకృప ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్ కాలిపోయాయి.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ సిమెంటు పగలగొట్టాడు. కింద ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంది.

“ఎండల్ల దీన్ల రోజూ నీళ్లు పొయ్యాలె మేడమ్. తడి లేకుంటే ఎర్తింగ్ పనిచెయ్యదు, పిడుగు కరెంటు భూమిలకు దిగదు. ఇన్నొద్దులు ఎవరు పోసిన్రు?”

దేవకృప తలెత్తింది. ఎదురుగా బుచ్చమ్మ, చంకలో నిండు బిందె.

“ఏం జూస్తున్నవ్? పోయేముందు మీ సార్ అడిగిండు, పోస్తనని మాటిచ్చిన. నీ మొఖం జూసి కాదు. జెర పక్కకు జరుగు.”