ఎర్ర సంచి

“ముగ్గుర్ని మోత్తే వచ్చీటప్పుడు అమ్మనీ మోత్తాది. ఎక్కండి,” అన్నాడు సూర్యం.

కల్యాణి పడవ వంక అనుమానంగా చూసింది. నూనె డ్రమ్ములు నిలువునా కోసి, అతికి, వెనక నీళ్ల పంపు ఇంజను బిగించాడు మొగుడు. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ మూసేశాక పదిహేను రోజులుగా అదే పని.

“మునిగితేనో?”

“ఆ మాట నోట్లోంచి రానీకు.”

అసలే ఒళ్లు మండిపోతోంది సూర్యానికి. ఖర్‌కాయి నదికి ఇవతల, జుగ్సలాయిలో తాము. అవతల గమ్హరియా వైపు బస్తీలో తల్లి సింహాచలమ్మ ఒక్కతే. జిల్లా సరిహద్దంటూ వంతెన మూసేశారు. కాళ్లావేళ్లా పడినా పోలీసులు వదల్లేదు.

తల్లికి షుగరు. వంతెన మూసేనాటికి ఇంట్లో ఉన్న మాత్రలు వారానికే సరిపోతాయి. ఆవిడ ఫోను మూగబోయి పన్నెండు రోజులైంది. పరాయివాళ్లిస్తే మంచినీళ్లు కూడా ముట్టని మనిషి.

కూతురు యోగిత ముందు కూర్చుంది. నీళ్లలో రాళ్లు చూసి చెప్పడం దాని పని. సూర్యం వెనక ఇంజను దగ్గర కూర్చుని తాడు లాగాడు.

పడవ కదిలింది. పన్నెండు రోజుల్లో మొదటిసారి సూర్యం నవ్వాడు.

నది నడుమ రాళ్ల వరస మీద, మోకాలి లోతు నీళ్లలో అవతలి ఒడ్డు వైపు నడుస్తూ ఎవరో ముసలాయన. చేతిలో కర్ర, మెడలో ఎర్ర సంచి. వీళ్లని చూసి చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు.

“ఏటంటన్నాడే?” ఇంజను హోరులో గొంతు చించుకున్నాడు సూర్యం.

“ఆగే, ఆగే బోల్ రహే హైఁ పప్పా.”

హిందీలో ఆగే అంటే ముందుకు. ముందుకు రమ్మంటున్నాడన్నమాట. సూర్యం ఇంజను జోరు పెంచాడు.

పడవ నీళ్లలోని రాతి మీదికెక్కింది. అడుగు చీలింది. యోగిత ఎగిరి నీళ్లలో పడింది.

ముసలాయనే ముందు దాన్ని అందుకుని నిలబెట్టాడు. దాని నుదురు చిట్లింది.

సూర్యం దూకి వచ్చి ఆయన చొక్కా పట్టుకున్నాడు.

“అంధా హై క్యా? కళ్లు కనబడవా? ఆగే అని మమ్మల్ని రాయికేసి కొట్టిత్తావా?”

“ఆగే కాదు బాబూ. ఆగు అన్నాను. రాళ్లున్నాయి, ఆగమన్నాను.”

కల్యాణి గబుక్కున తలెత్తింది. “మన తెలుగోళ్లేనయ్యా. వదిలెయ్.”

సూర్యానికి కూతురి నెత్తురు తప్ప ఏమీ కనబడలేదు, వినబడలేదు. ఒక్క తోపు తోశాడు. ముసలాయన వెల్లకిలా పడ్డాడు. మెడలోని సంచి జారి ప్రవాహంలో కొట్టుకుపోయింది.

“బాబూ, నా సంచి.”

“పోతే పోనీ. నా పదిహేను రోజుల కట్టం పోనేదా?”

ముసలాయన లేచి, కర్ర కూడా వదిలేసి, పడుతూ లేస్తూ సంచి వెనకాల వెళ్లాడు. వంపు దగ్గర లోతెక్కువ. అది దాటాక కనబడలేదు. సూర్యం అటు చూడను కూడా లేదు. ఇంకా తిడుతూనే ఉన్నాడు.

కల్యాణి కొంగు చింపి కూతురికి కట్టు కట్టింది. చీలికలో గుడ్డలు కుక్కి, డబ్బాతో నీళ్లు తోడుకుంటూ ఎలాగో అవతలి ఒడ్డు చేరారు. ఇక ఆగలేక బస్తీలోకి పరుగెత్తాడు సూర్యం.

సింహాచలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నిక్షేపంలా ఉంది.

సూర్యానికి ఏడుపొచ్చింది. “ఇన్నాళ్లూ ఏటి తిన్నావే అమ్మా? మాత్రలెక్కడివే?”

“ఎక్కడివేట్రా? నువ్వు పంపినవే కదా.”

“నేనా?”

ఆవిడ కొడుకు భుజం మీదుగా నది వైపు చూసింది.

“నీ కొడుకు పంపేడని రోజూ కూడూ మాత్రలూ ఎర్ర సంచిలో ఏసుకొచ్చే ఆ పెద్దాయన ఈయాల ఇంకా రానేదేట్రా?”